దారపు రీళ్ళ కింద

ఒకచోట కుదురుగా కూర్చోలేని అలవాటు నాకు చిన్నప్పటినుంచీ ఉంది. వయసు మీదపడితే తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు సరికదా, ఈ మధ్య తెనాలిలో గడిపిన వారం రోజుల్లో మరీ ఎక్కువైంది. అక్కడ చలనచిత్రోత్సవం పెట్టారు. సినిమాలు చూపించి జనాన్ని ఇంటికి పంపించేయటంతో సరిపెట్టుకోకుండా, అప్పుడప్పుడే నటనలోకి వస్తున్న పిల్లల్ని కొందరిని ఎంచుకుని, వాళ్ళకి తర్ఫీదు ఇచ్చి, ఆఖరి రోజున వాళ్ళ ముఖాలు పెద్ద తెరమీద వేసి, హైదరాబాదు నుంచి వచ్చే దర్శకులకు చూపించే కార్యక్రమం కూడా పెట్టుకున్నారు. అందరూ షార్ట్ ఫిల్ముల్లోనో కాలేజీ నాటకాల్లోనో ఒకటి రెండు వేషాలు వేసినవాళ్ళు. వాళ్ళకి నాలుగు మాటలు చెప్పటానికి ఒక పెద్దమనిషి కావాలి కదా. సినిమాల్లో తాసిల్దారుగా, జడ్జీగా, పెళ్ళికూతురి తండ్రిగా చాలాకాలం కనిపించి, ఇప్పుడు బాపట్లలో అద్దె ఇంట్లో ఉంటున్న నన్ను పిలిచారు. రైల్లో సీటు దొరికినా కూర్చోలేక, తెనాలి దాకా తలుపు దగ్గరే నిలబడి వచ్చాను.

మొదటిరోజు మైకు కథ చెప్పాను. ఎక్కడికి పిలిచినా నేను ఆ కథే చెప్తాను. పూర్వం మద్రాసు నుంచి ఒక సినిమా కంపెనీవాళ్ళు కొత్త ముఖాల కోసం తెనాలి వచ్చారు. నాటకాలాడే నా మిత్రుడొకడు పరీక్షకు వెళ్ళాడు. కెమెరా ముందు నిలబెట్టారు. గొంతు కూడా వినాలని, పొడుగాటి కర్రకు మైకు కట్టి ఒకాయన పైనుంచి పట్టుకున్నాడు. మావాడు డైలాగు మొదలుపెట్టి, నాటకంలో అలవాటు కొద్దీ మైకు కిందికి జరిగాడు. మైకు కెమెరాలో పడుతుందని ఆయన కర్రను పక్కకు తీశాడు. మావాడు మళ్ళీ దాని కిందికి పోయాడు. ఆయన ఇంకా తీశాడు. వీడు ఇంకా పోయాడు. చివరికి కెమెరాలో గోడ ఒక్కటే మిగిలింది, డైలాగు మాత్రం బ్రహ్మాండంగా వినపడింది. ఆ కర్ర పట్టుకున్నాయన వెనక్కి వెనక్కి నడవటం నేను చేసి చూపిస్తాను. అక్కడ జనం కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతారు. ఆ రోజూ నవ్వారు. వెనక వరసలో కూర్చున్న ఒక అమ్మాయి మాత్రం నవ్వలేదు. హారిక అని, మా బాపట్ల పిల్లే. చెయ్యి ఎత్తింది.

"తర్వాత ఆయన ఏమయ్యారండి?"

"ఎవరమ్మా?"

"అదేనండి, ఆ మైకు వెంట పోయినాయన."

"ఏమవుతాడమ్మా, ఇంటికి పోయాడు" అన్నాను. మళ్ళీ అందరూ నవ్వారు.

"ఇంటికెళ్ళాకండి?"

ఆ పిల్ల వెటకారంగా అడగటం లేదు. భోజనాల దగ్గర చూసి, అంత పట్టుగా ఎందుకు అడిగావని కదిపాను. "ఆఖరి రోజు అందరికంటే ముందు నన్నే పంపుతామన్నారండి. టైము తక్కువంట, మనిషికి ఒక్క టేకేనంట. ముందు వెళ్ళినవాళ్ళకి అలా అయితే తర్వాత ఏం చేస్తారా అని..." అని, పళ్ళెంలో అన్నం వేళ్ళతో కెలికింది. ముందు వెళ్ళినవాళ్ళు. నేను చెప్పే కథలో ముందు, వెనక అనే మాట ఎప్పుడూ లేదు. ఆ మాట ఆ పిల్ల తనంతట తనే పట్టుకుంది. నేను పెరుగన్నం వదిలేసి లేచి చెయ్యి కడుక్కున్నాను.

ఆ మిత్రుడి పేరు మస్తాన్. వాళ్ళ నాన్న మారీసుపేటలో కాలవ దగ్గర టైలరు. మాది కొలకలూరు. మినుములు నూర్చే రోజుల్లో ఇల్లంతా దుమ్ము, మా నాయనమ్మ దగ్గు, పశువుల కొట్టం వాసన. చదువు పేరుతో సైకిలెక్కి తెనాలి వచ్చి మస్తాన్ వాళ్ళ షాపులో పడితే మరో లోకంలోకి వచ్చినట్టుండేది. తలుపు దగ్గరే బొగ్గుల ఇస్త్రీపెట్టె. తడిగుడ్డ మీద అది ఆనగానే లేచే ఆవిరి, మిషన్ నూనె, కొలతలు గీసే సుద్దముక్క, కొత్త టెర్లిన్ బట్ట, అన్నీ కలిసిన ఒక వాసన ఉండేది. ఇప్పటికీ ఏ బట్టల కొట్టు ముందునుంచి పోతున్నా ముక్కు దానికోసం వెతుకుతుంది. వాళ్ళ నాన్నను మావయ్యా అని పిలిచేవాణ్ణి. ఆయన మాట్లాడేటప్పుడు నోట్లో గుండుసూదులు ఉండేవి. వాటిని పెదాల మధ్యే పెట్టుకుని, వచ్చినవాడి నడుం చుట్టూ టేపు తిప్పుతూ, "తిండి పెంచావురోయ్" అనేవాడు. సూది ఒక్కటి కూడా కింద పడేది కాదు.

శుక్రవారం షాపుకి సెలవు. నమాజుకి వెళ్ళొచ్చాక మావయ్య షాపు తాళం మాకిచ్చి ఇంటికి పోయి పడుకునేవాడు. ఆ మధ్యాహ్నాలు మా రిహార్సళ్ళు. కటింగ్ బల్ల గోడకి జరిపితే అదే స్టేజీ. ఇంట్లోంచి మస్తాన్ వాళ్ళమ్మ అల్లం దంచి వేసిన టీ పంపేది. మా డ్రాయింగ్ మాస్టారు, కోటయ్య గారని, నాటక పరిషత్తు పోటీలకు మా చేత నాటకం వేయించేవారు. ఆ పోటీల్లో స్టేజీ పైనుంచి మూడు మైకులు వేలాడుతుండేవి. వాటి కిందికొచ్చి మాట్లాడితేనే వెనక కూర్చున్నవాళ్ళకి వినపడేది. ఎంత బాగా చేసినా మైకు అందుకోని నటుడికి ప్రైజు రాదు. అందుకని మాస్టారు షాపులో దూలానికి మూడు దారపు రీళ్ళు వేలాడదీశారు. అవే మైకులు. ఎక్కడున్నా సరే, మన డైలాగు వచ్చేసరికి రీలు కిందికి చేరాలి. అది ప్రేక్షకుడికి తెలియకూడదు. కోపంతో వచ్చినట్టో, బాధతో తిరిగినట్టో ఉండాలి. అందుకోకుండా నోరు తెరిస్తే మాస్టారు స్కేలుతో బల్లమీద కొట్టేవారు. "ఎవరికి చెప్తున్నావురా? గోడకా?"

నాకు ఆ విద్య తొందరగా పట్టుబడింది. ఎలాగూ కాలు నిలవనివాణ్ణి, తిరగమంటే అంతకంటే ఏం కావాలి. మస్తాన్‌కి కష్టమైంది. నిలబడ్డచోటునుంచి కదలకుండా, కళ్ళతో, గొంతు కిందిస్థాయిలో చాలా బాగా చేసేవాడు. ఇప్పుడు ఆలోచిస్తే అది సినిమాకి పనికొచ్చే నటన. మాలో ఎవరికీ ఆ సంగతి తెలియదు. మాస్టారు వాణ్ణి కదిలించమని నాకు అప్పగించారు. నేను వాడి వెనక నిలబడి, రెండు భుజాలు పట్టుకుని, "మైకు ఎక్కడుందో చూడు, దాని కిందికి పో. మైకే నీ దేవుడు" అంటూ రీలునుంచి రీలుకి తోసేవాణ్ణి. వారాల తరబడి తోశాను. చివరికి వాడు కళ్ళు మూసుకుని కూడా రీలు కిందికి చేరేవాడు. వాడికి మైకు వెంట పోవటం నేర్పినవాణ్ణి నేను. ఈ ముక్క కూడా నా కథలో ఉండేది కాదు.

మద్రాసువాళ్ళు వచ్చినప్పుడు ఒక ధాన్యం గోదాములో పరీక్ష పెట్టారు. కిటికీలన్నీ మూసేసి దీపాలు వెలిగించారు. బస్తాల నూక వాసన, వేడి, మధ్యలో చప్పుడు రాకుండా దుప్పటి కప్పిన కెమెరా. అంత దగ్గరగా కెమెరాను చూడటం మా ఇద్దరికీ అదే మొదలు. బయట బల్లమీద పక్కపక్కనే కూర్చున్నాం. ముందు పిలిచింది నన్ను. కడుపులో నొప్పిగా ఉంది, నువ్వెళ్ళిరా ముందు అని మస్తాన్‌ని పంపాను. నొప్పి ఏమీ లేదు. లోపల ఏం చేస్తారో, ఎక్కడ నిలబెడతారో, ఎటు చూడమంటారో నాకు తెలియలేదు. ఎవరైనా ఒకళ్ళు ముందు వెళితే తలుపు సందులోంచి చూడొచ్చనుకున్నాను. చూశాను. వాడు మైకు వెంట పోవటం, కర్ర పట్టుకున్నాయన వెనక్కి పోవటం, కెమెరా దగ్గరున్నవాళ్ళు మోచేతులతో పొడుచుకుని నవ్వటం, చివరికి దర్శకుడు "చాల్లేవయ్యా" అనటం అంతా చూశాను. వాడు బయటికొచ్చి, "బాగానే మాట్లాడాన్రా, ఎందుకు నవ్వారో తెలియలేదు" అన్నాడు. నేను వాడికి చెప్పలేదు. నన్ను పిలిచారు. లోపలికి వెళ్ళగానే అక్కడున్న కుర్చీ వీపును రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. కాళ్ళు మైకు వైపు లాగుతూనే ఉన్నాయి. కుర్చీ వదలకుండా డైలాగు చెప్పాను. "ఈ అబ్బాయిలో నిలకడ ఉంది" అన్నాడు దర్శకుడు. నిలకడట, నాలో. మద్రాసు రమ్మన్నారు.

తర్వాత సినిమాల్లో ఎక్కడ నిలబెట్టినా ఏదో ఒకటి పట్టుకునేవాణ్ణి. కుర్చీ, చేతికర్ర, మెట్ల పిట్టగోడ, ఏదీ లేకపోతే పక్కవాడి భుజం. చూసినవాళ్ళు అదొక స్టైలనుకున్నారు. మైకు కథ మొదటిసారి ఎక్కడ చెప్పానో గుర్తులేదు. ఏదో అవుట్‌డోర్‌లో, వాన పడి షూటింగ్ ఆగినప్పుడు చెప్పి ఉంటాను. పెద్ద హీరో నవ్వాడు. మర్నాడు మళ్ళీ చెప్పమన్నాడు. అప్పటినుంచి నా వేషాలకంటే నా కథకే పిలుపులు ఎక్కువయ్యాయి. మస్తాన్‌ని మాత్రం మళ్ళీ కలవలేదు. తెనాలి మీదుగా ఎన్నోసార్లు పోయాను, ఆ కాలవ వైపు తిరగలేదు.

హారిక అడిగిన మర్నాడు పొద్దున్నే అటు తిరిగాను. షాపు ఉన్నచోట సెల్‌ఫోన్లు రిపేరు చేస్తున్నారు. ఎదురుగా కిళ్ళీకొట్టాయన, "మస్తాన్ గారాండి? కూతురి దగ్గర ఉంటున్నారండి, రేపల్లెలో. స్టేషన్ దగ్గరే, అడిగితే ఎవరైనా చెప్తారు" అన్నాడు. పిల్లలకి ఆ రోజు సినిమాలు చూసే పని. నేను రేపల్లె బండెక్కాను. రెండు పక్కలా పొలాలు, ప్రతి స్టేషన్లో ఎక్కే కాలేజీ పిల్లలు. ఏం చెప్పాలో అనుకోవటం, అది డైలాగులా ఉందని కొట్టేయటం, మళ్ళీ మొదలుపెట్టటం. ఒక పెద్దాయన, "ఏంటి బాబాయ్, సీటుంది కదా, కూర్చోరాదా?" అని రెండుసార్లు అన్నాడు.

మస్తాన్ వీధి వరండాలో మిషన్ వేసుకుని ఎవరిదో ప్యాంటు అంచు మడుస్తున్నాడు. జుట్టంతా పోయింది. కళ్ళజోడు మీదుగా చూశాడు.

"నేనురా, శేషగిరిని."

"తెలుసులే. తాసిల్దారు గారు వీధిలో నడిచొస్తుంటే తెలియదా? కూర్చో."

నేను నిలబడే ఉన్నాను.

"ఇంకా అంతేనా? అయితే నిలబడు. జనం కొలతలు తీస్తున్నాననుకుంటారు."

ఇద్దరం నవ్వాం. ఆ నవ్వు అయిపోయాక, మిషన్ తొక్కుతూ వాడే అందుకున్నాడు. "ఫోన్లో చూశాన్రా. మా మనవరాలు చూపించింది. బాగా చెప్తావు. ఆయన కర్ర పట్టుకుని వెనక్కి వెనక్కి పోటం చేస్తావ్ చూడు, అక్కడ నాక్కూడా నవ్వొచ్చింది."

"మస్తానూ..."

"ఈ పిచ్చోడెవరు తాతా అని అడిగింది."

"ఏం చెప్పావు?"

"ఏమో, ఆయన స్నేహితుడెవరోలే అన్నాను."

మిషన్ ఆగింది. దారం తెగితే సూదిలోకి మళ్ళీ ఎక్కిస్తున్నాడు. ఎక్కటం లేదు. నేను అందుకోబోతే చెయ్యి పక్కకు నెట్టాడు.

"నీ పేరు ఎక్కడా చెప్పలేదురా నేను" అన్నాను.

"అదేమన్నా ఉపకారమా? చెప్పినా బాగుండేది. ఆ మస్తాన్ ఉండేవాడు, మైకు వెంట పోయాడు గానీ బాగా చేసేవాడు అని ఒక్క ముక్క పడేది."

"ఆ రోజు ముందు వెళ్ళాల్సింది నేను."

"తెలుసు. పక్కనే కూర్చున్నాగా, చెవుడా నాకు? నీ పేరే పిలిచారు. కడుపునొప్పన్నావ్."

"నొప్పి లేదురా. భయమేసింది."

"నాకూ వేసింది" అన్నాడు మస్తాన్.

లోపల్నుంచి వాళ్ళమ్మాయి టీ తెచ్చింది. "తాగండి బాబాయ్, చల్లారిపోద్ది" అంది. అదే అల్లం. అప్పుడు కూర్చున్నాను. ఉత్సవం సంగతి, హారిక సంగతి, ఆ పిల్ల అడిగిన ప్రశ్న అంతా చెప్పాను. ఆఖరి రోజు తెనాలి రమ్మన్నాను, కారు పంపిస్తానన్నాను.

"నేను రాను. వస్తే నన్ను స్టేజీ ఎక్కించి, శాలువా కప్పి, కళ్ళనీళ్ళు పెట్టుకుని ఇంకో కథ తయారుచేస్తావు. నీ సంగతి నాకు తెలియదా?" నవ్వుతూనే అన్నాడు. కానీ అది నవ్వి వదిలేసే మాట కాదు. వెళ్ళబోతుంటే పిలిచాడు. "ఆ పిల్లకి చెప్పు. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, బట్టలు కుట్టుకున్నాడు, బానే ఉన్నాడని చెప్పు. మళ్ళీ నాటకం వెయ్యలేదని కూడా చెప్పు. ఒక్కటి చెప్పి ఒక్కటి దాచకు."

తిరుగు బండిలో కూడా నిలబడే వచ్చాను. మా రోజుల్లో కెమెరా అంటే ఏంటో కెమెరా ముందుకి వెళ్ళేదాకా తెలిసేది కాదు. వెళ్ళి చెడగొట్టుకున్నవాడికి ఎక్కడ చెడిందో చెప్పే దిక్కు ఉండేది కాదు. ఈ పిల్లలకి అన్నీ చెప్తున్నారు. ఎక్కడ నిలబడితే ముఖం ఎంత పడుతుందో, మైకు మనిషిని ఎలా వెతుక్కుంటూ వస్తుందో, ఏడుపు ఎక్కడ ఆపాలో చెప్తున్నారు. చేసింది వెంటనే చూసుకోవచ్చు. ఆ గోదాములో ఇందులో సగం చెప్పినా మస్తాన్ ఇవాళ పెద్ద నటుడై ఉండేవాడు. అలా అనుకోవటంలో నాకొక సుఖం ఉందని కూడా గ్రహించాను. తప్పు కాలం మీద పెట్టేయొచ్చు. తలుపు సందులోంచి చూసినవాణ్ణి నేను. చెప్పటానికి నోరు ఆ రోజే ఉంది నాకు.

ఆఖరి రోజు పొద్దున కార్యక్రమం నడిపే ప్రదీప్ అనే కుర్రవాణ్ణి పక్కకు పిలిచి, చివర్లో నాకోసం ఉంచిన ఉపన్యాసం తీసేయమన్నాను. "అదేంటి సార్, మీ మైకు కథ కోసమే సగం మంది వస్తున్నారండి" అన్నాడు. ఆ టైము పిల్లలకిస్తే మనిషికి రెండేసి టేకులు వస్తాయి కదా, మొదటిది లెక్కలోకి రాదని ముందే చెప్దాం అన్నాను. తల గోక్కున్నాడు, ఎవరికో ఫోన్ చేశాడు, చివరికి సరేనన్నాడు.

పిల్లలు చెయ్యాల్సింది చిన్న పని. రాసిన డైలాగు కాదు, తమకు నిజంగా జరిగినదేదో కెమెరాకి చెప్పాలి. ఒక గదిలో వెనక బూడిదరంగు తెర, ఎదురుగా కెమెరా, పైన కర్రకు కట్టిన మైకు. హారిక తలుపు దగ్గర నిలబడి చున్నీ అంచు వేలికి చుడుతోంది, విప్పుతోంది. పేరు పిలిచారు. కదల్లేదు.

"ముందు నేను వెళ్తానమ్మా" అన్నాను.

"మీరెందుకండి?"

"నా వంతు ఒకటి మిగిలిపోయింది. నువ్వు చూస్తూ ఉండు."

తెర ముందు నిలబడ్డాను. "కుర్చీ వెయ్యమంటారా సార్?" అన్నాడు ప్రదీప్. వద్దన్నాను. దీపాలు వేశారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పిల్లలంతా తలుపు దగ్గర గుమిగూడారు. మైకు కథ అనుకుని కొందరు అప్పుడే నవ్వటానికి సిద్ధంగా ఉన్నారు. "ముందు వెళ్ళాల్సింది నేను" అని మొదలుపెట్టాను. రీళ్ళ సంగతి చెప్పాను. భుజాలు పట్టుకుని తోసింది చెప్పాను. కడుపునొప్పి, తలుపు సందు, కుర్చీ అన్నీ చెప్పాను. కర్ర పట్టుకున్నాయన్ని చేసి చూపించలేదు. పేరు చెప్పాను, మస్తాన్ అని, బాగా చేసేవాడని. పెళ్ళయింది, బట్టలు కుట్టుకున్నాడు, బాగున్నాడు, మళ్ళీ నాటకం వెయ్యలేదు అని చెప్పి ఆపాను.

కెమెరా వెనకున్నతను ఇబ్బందిగా ప్రదీప్ వైపు చూశాడు. వెళ్ళి మానిటర్లో చూశాను. మొదట్లో మధ్యలోనే ఉన్నాను. రీళ్ళ దగ్గరికొచ్చేసరికి ఒక భుజం పోయింది. భయమేసిందన్నప్పుడు సగం ముఖమే ఉంది. ఆ తర్వాత మైకు వెనక్కి పోతోంది కాబోలు, నేను దాని వెంట పోతున్నాను. చివర్లో బూడిదరంగు తెర ఒక్కటే ఉంది. గొంతు మాత్రం స్పష్టంగా వినపడుతోంది. ఇన్నేళ్ళ సినిమా అనుభవం ఉన్నవాడి కాళ్ళు కుర్చీ లేకపోయేసరికి మారీసుపేటకు నడిచాయి.

తలుపు దగ్గర ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. "పర్వాలేదు, నవ్వండి" అన్నాను. నవ్వారు. హారిక కూడా నవ్వింది.

"మీక్కూడా రెండో టేకు ఉందండి" అంది.

"వద్దమ్మా. నాది ఇలాగే పెద్ద తెరమీద వెయ్యమను. నువ్వు వెళ్ళు."

చున్నీ వదిలేసి వెళ్ళి నిలబడింది. వాళ్ళమ్మ గురించి ఏదో మొదలుపెట్టింది. రెండు వాక్యాలు చెప్పి, మాట తడబడి, పైన మైకు వైపు చూసి ఆగిపోయింది. ఆ పిల్ల గట్టిగా ఊపిరి పీల్చుకుని మా వైపు తిరిగింది.

"మళ్ళీ చేస్తానండి" అంది.